పేరొందిన భాషలు, మరుగుపడిన భాషలు

లోకములో మంచిదెల్ల వ్యాపించుననియు, వ్యాపించినదెల్ల మంచిదేననియు పలువురు తలంతురు. ఈ తలంపులో కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. రెంటిని వేరుచేసి చూడనిచో నష్టము కలుగును. ఆ నష్టమెట్టిదో నేనొక విద్యార్థి జీవితమున కన్నులార చూచితిని. అందు నా తప్పును కొంత కలదు.

మొన్న వేసవిలో మా వీధి రైతొకరు తమ కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చిరి. ఆ బాలిక ఎనిమిదవ తరగతి ముగించినది. "మాస్టారూ, మా అమ్మాయికి ఏ కంప్యూటరు భాష నేర్పిస్తే మంచిదంటారు? అందరూ పైథాన్ అంటున్నారు. అందరూ అంటున్నారంటే అది మంచిదే అయి ఉంటుంది గదండీ?" అని ఆయన అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఇరువదియైదేండ్లకు పూర్వము ఇదే ప్రశ్నకు తొందరపడి చెప్పిన సమాధానమొకటి నాకు జ్ఞప్తికి వచ్చెను.

అది 1998వ సంవత్సరము. నేనప్పుడు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. మా పాఠశాలలో చదివిన యువకుడొకడు హైదరాబాదులోని అమీర్‌పేటకు పోయి, కోబాల్ అను కంప్యూటరు భాషను నేర్చి, ఉద్యోగము సంపాదించి అమెరికాకు వెళ్లెను. ఆ దినములలో కోబాల్ తెలిసినవారికి మిక్కిలి గిరాకి యుండెను. పాత ప్రోగ్రాములలో సంవత్సరమును చివరి రెండంకెలతోనే వ్రాసియుండిరి. 1998 అనుటకు 98 అని మాత్రమే వ్రాసెడివారు. 2000వ సంవత్సరము రాగానే యంత్రము 00 అను అంకెలను చూచి 1900 అని భ్రమపడునేమోయని దేశదేశములలో భయము పుట్టెను. ఆ ప్రోగ్రాములను దిద్దుటకు పెక్కుమంది కావలసివచ్చిరి. మన తెలుగు యువకులు అనేకులకు ఆ పని దొరికెను.

మరుసటి యేడు ఇంకొక విద్యార్థి నాయొద్దకు వచ్చి, తానేమి నేర్చుకొనవలెనని అడిగెను. నేను ఆలోచింపక, "ఆ అబ్బాయి నేర్చుకున్నదే నువ్వూ నేర్చుకో నాయనా. పదిమందీ నడిచే బాట చెడ్డది కాదు" అంటిని. వాని తండ్రి అరయెకరము పొలము తాకట్టుపెట్టి రుసుము కట్టెను. వాడు శిక్షణ ముగించునప్పటికి 2000వ సంవత్సరము వచ్చెను. దిద్దుబాటు పని తీరిపోయెను. 2001లో అమెరికాలో ఆ పరిశ్రమయే మందగించెను. వాడు ఊరికి తిరిగివచ్చి, రెండేండ్లు ఎరువుల దుకాణములో లెక్కలు వ్రాసికొనుచు కాలము గడపెను. నన్ను చూచినప్పుడెల్ల మునుపటివలెనే నమస్కరించెడివాడు. ఆ నమస్కారము నాకు భారముగా ఉండెడిది.

అప్పటినుండి నన్నొక ప్రశ్న పట్టుకొన్నది. ఒక భాషకు పేరెట్లు వచ్చును? మరియొకటి ఏల మరుగుపడును? నేను కంప్యూటరు శాస్త్రజ్ఞుడను కాను. అయినను భాషలను గూర్చి ఆలోచించుట నా వృత్తి. ప్రధానోపాధ్యాయుడనై విరమించిన పిమ్మట తీరిక దొరకగా చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించినదానిని మీకు చెప్పుదును.

బాలబాలికలారా! కంప్యూటరునకు తెలుగు తెలియదు, ఇంగ్లీషును తెలియదు. రెండు విద్యుత్ స్థితులను మాత్రమే అది గుర్తింపగలదు. వానిని మనము 0, 1 అను అంకెలతో వ్యవహరింతుము. తొలినాళ్లలో దానిచేత పని చేయింపదలచినవారు అట్టి అంకెల వరుసలను వ్రాయవలసివచ్చెను. ఒక్క అంకె తప్పినను పని చెడిపోయెడిది. అందుచే మనుష్యునకును యంత్రమునకును నడుమ ఒక మధ్యభాషను కల్పించిరి. మనము ఆ భాషలో వ్రాసినదానిని యంత్రపు అంకెలలోనికి మార్చుటకు దుబాసివంటి ప్రోగ్రాము వేరొకటి యుండును. దానికి కంపైలరు అని పేరు. ఈ మధ్యభాషలనే ప్రోగ్రామింగు భాషలందురు. ఇట్టివి ఇంతవరకు వందలకొలది పుట్టినవి. వానిలో లోకమంతట వ్యాపించినవి మాత్రము కొలదియే.

వ్యాపించుటకు మొదటి కారణము, అవసరము వచ్చినవేళకు అందివచ్చుట. 1957లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ ఫోర్ట్రాన్ అను భాషను వెలువరించెను. దానిని నిర్మించిన బృందమునకు నాయకుడు జాన్ బాకస్. శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు గణితసూత్రమును ఇంచుమించు పుస్తకములో ఉన్నట్లే అందు వ్రాయగలిగిరి. దుబాసి చేసిన అనువాదము, నిపుణుడు చేతితో వ్రాసిన అంకెలవలె వేగముగా పనిచేయునా యని పలువురు సంశయించిరి. బాకస్ బృందము కంపైలరును మిక్కిలి నేర్పుతో నిర్మించుటచే ఆ సంశయము తీరెను. వారముల పని దినములలో ముగియసాగెను. అట్టి సాధనమును ఎవరు కాదందురు?

అంతలో 1960లో ఐరోపా, అమెరికా పండితులు కలిసి ఆల్గాల్ అను భాషకు సమగ్రమైన రూపమిచ్చిరి. కూర్పునందును, స్పష్టతయందును అది ఫోర్ట్రాన్‌ను మించినదని పలువురు నిపుణుల అభిప్రాయము. దాని వ్యాకరణమును సూత్రబద్ధముగా వ్రాసిన పద్ధతికి బాకస్, పీటర్ నౌర్ అనువారి పేరులు కలిసినవి. ఆ పద్ధతి మన పాణిని మహర్షి సూత్రములను పోలియున్నదనియు, దానికి పాణిని పేరును చేర్చుట తగుననియు 1967లో ఒక శాస్త్రజ్ఞుడు సూచించెను. ఈ సంగతి చదివినప్పుడు పండితుడనైన నాకు కలిగిన సంతోషము చెప్పనలవి కాదు.

ఇంతటి భాష యేల మరుగుపడెను? ప్రోగ్రామునకు లెక్కను అందించుట, ఫలితమును అచ్చువేయించుట అను పనులను ఎట్లు చేయవలెనో ఆ నివేదికలో నిర్ణయింపలేదు. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క విధముగా ఎవరికి వారే కల్పించుకొనవలసివచ్చెను. అప్పటికే ఫోర్ట్రాన్‌లో వ్రాసిన ప్రోగ్రాములు బీరువాలనిండ ఉండెను. వానిని పారవేసి క్రొత్తగా వ్రాయుటకు ఎవరికి తీరిక? ఇంట గెలిచి రచ్చ గెలువమని పెద్దలనిరి. ఫోర్ట్రాన్ మొదట ఇంట గెలిచెను. ఆల్గాల్ రచ్చలో మన్ననలు పొందినది గాని, ఇంటిపనికి సిద్ధము కాలేదు.

రెండవ కారణము, మంచి వాహనము దొరకుట. పూలతో కూడిన నార తలకెక్కునను సామెతను మీరు వినియుందురు. భాషలకును అట్టి యోగము పట్టుచుండును. అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో డెన్నిస్ రిచీ అను శాస్త్రజ్ఞుడు సి అను భాషను నిర్మించెను. కంప్యూటరును నడిపించు యూనిక్స్ అను వ్యవస్థను 1973లో ఆ భాషలోనే తిరిగి వ్రాసిరి. ఆ ప్రయోగశాలకు యజమానియైన టెలిఫోను సంస్థ కంప్యూటరు వ్యాపారము చేయరాదను నిబంధన 1956నుండి అమలులో ఉండెను. కావున యూనిక్స్‌ను విశ్వవిద్యాలయములకు స్వల్ప రుసుముతో, మూలపాఠముతో సహా ఇచ్చిరి. యూనిక్స్ పోయిన ప్రతి చోటికి సి భాషయు పోయెను. విద్యార్థులు దానిని చదివి, నేర్చి, ఉద్యోగములకు వెళ్లినచోట నాటిరి. సి గుణము కల భాషయే. కాని, వ్యాపారము చేయరాదను నిబంధనయే దాని వ్యాప్తికి తోడ్పడుట చూడుడు!

ఇంతకంటె వింతయైనది జావాస్క్రిప్ట్ కథ. 1995లో నెట్‌స్కేప్ అను సంస్థలో బ్రెండన్ ఐక్ అనునతడు దాని తొలిరూపమును పది దినములలో నిర్మించెను. తొందరపనిలో దొరలిన లోపములు కొన్ని నేటికిని ఆ భాషను విడువలేదు. అయినను దానిని బ్రౌజరులోనే అమర్చిరి. ఇంటర్నెట్టు పుటలను చూపు బ్రౌజరు ఇంటింటికి చేరగా, భాషయు వెంట చేరెను. దానికంటె చక్కని భాషలు వాకిట నిలిచియుండగా ఇది నట్టింట కూర్చుండెను.

మన తెలుగు చరిత్రయందును ఇట్టిది కలదు. వాడుకభాష పుస్తకములకెక్కవలెనని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జీవితమంతయు పోరాడిరి. వారి వాదము బలమైనదే. అయినను ఆ భాష ఇంటింట గెలిచినది వార్తాపత్రికలు, రేడియో, సినిమాలు దానిని మోసికొనిపోయినందువలన. వాదము దారి చూపినది. వాహనము గమ్యమునకు చేర్చినది. ఈ ముసలి పండితుడు మాత్రము నేర్చిన గ్రాంథికపు పోకడను విడువలేకున్నాడు!

అట్లయినచో ప్రభుత్వమే ఒక భాషను వాడుడని ఆజ్ఞాపించిన చాలదా యని మీరడుగవచ్చును. దానికి ఏడా అను భాష కథయే సమాధానము. అమెరికా రక్షణశాఖలో వందలకొలది భాషలు వాడుకలోనుండి గందరగోళము కలుగుచుండెను. అన్నిటికి బదులు ఒక్కటి కావలెనని తలచి, పోటీ పెట్టి, ఏడా భాషను ఎన్నుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దమునందలి గణితజ్ఞురాలు ఏడా లవ్‌లేస్ పేరు దానికి పెట్టిరి. 1983లో దానికి ప్రామాణికరూపము వచ్చెను. రక్షణశాఖ పనులలో దానినే వాడవలెనను నిబంధనయు వచ్చెను. కాని తొలినాటి కంపైలర్లు ఖరీదైనవి, మందకొడివి. బయటిలోకమున సి వంటి భాషలు చవుకగా దొరకుచుండెను. తుదకు 1997లో ఆ నిబంధనను తొలగించిరి. రాజు తలచుకొన్న దెబ్బలకు కొదువ యుండకపోవచ్చును గాని, ఆదరమునకు కొదువ యుండును.

కోబాల్‌కును అదే రక్షణశాఖ అండ యుండెను గదా, అది యెట్లు వ్యాపించెను? 1959లో దానిని రూపొందించునాటికే కార్యాలయములకు జీతముల పట్టీలు, సరకుల లెక్కలు వ్రాయు భాష మిక్కిలి అవసరమై యుండెను. ఇంగ్లీషు వాక్యములవలె చదువదగిన భాష వారికి నచ్చెను. ప్రభుత్వము అవసరమునకు తోడు నిలిచెను. అవసరము లేనిచోట ఆజ్ఞ యొక్కటియే నిలువలేదు.

మూడవ కారణము, తోడు. 1970 తరువాత జెరాక్స్ సంస్థవారి పరిశోధనాలయమున ఆలన్ కే, డాన్ ఇంగాల్స్, ఎడెల్ గోల్డ్‌బర్గ్ మొదలగువారు స్మాల్‌టాక్ అను భాషను నిర్మించిరి. పిల్లలు సైతము కంప్యూటరుతో స్వేచ్ఛగా ఆలోచింపగలుగవలెనని వారి ఆశయము. ఆ భాషయందలి భావములు ఎంత గొప్పవో తరువాత వచ్చిన భాషలను చూచిన తెలియును. కాని ఆనాటికి అది సాఫీగా నడచుటకు ఖరీదైన యంత్రము కావలెను. భాషకును పెద్ద మూల్యము చెల్లింపవలెను. పిల్లలకొరకు పుట్టిన భాష పిల్లలకు అందనంత ఎత్తున నిలిచెను.

పైథాన్ నడక వేరు. నెదర్లాండ్సు దేశీయుడైన గైడో వాన్ రాసమ్ 1989 డిసెంబరు సెలవులలో దానిని మొదలుపెట్టి, 1991లో లోకమునకు ఇచ్చెను. పైథాన్ అనగా కొండచిలువ యని మీరు తలంతురేమో. అది బ్రిటిషు టెలివిజనులోని ఒక హాస్యనాటకమండలి పేరునుండి వచ్చినది. ఆ భాష ఉచితము; చదువుట సులభము. అయినను వెంటనే పేరు రాలేదు. ఊరిచెరువు ఒక్కరోజులో నిండదు గదా! ఎక్కడెక్కడివారో తాము చేసిన పనిముట్లను దానికి చేర్చుచు వచ్చిరి. సంఖ్యలపట్టికలతో వేగముగా లెక్కలు కట్టు నంపై అను పనిముట్టు 2006లో వెలువడెను. తరువాత యంత్రములకు నేర్పు విద్య, కృత్రిమమేధ పెరిగినప్పుడు, కావలసిన పనిముట్లు పైథాన్ చెంత సిద్ధముగా నుండెను. ఎక్కడ పనిముట్లున్నవో అక్కడికి పనివారు పోయిరి. పనివారు పోయినచోట క్రొత్త పనిముట్లు పుట్టెను.

ఈ కథలన్నియు విన్నపిమ్మట, గుణమునకు విలువయే లేదా, అంతయు అదృష్టమేనా యని కొందరు నిరాశపడవచ్చును. అట్లు కాదు. గుణము నశింపదు; ఒక్కొక్కప్పుడు ఇల్లు మారును. ఆల్గాల్ వాడుక తగ్గినను, ప్రోగ్రామును చక్కని భాగములుగా విడదీయు దాని పద్ధతి పాస్కల్, సి, జావా మొదలగు భాషలకు సంక్రమించెను. 1958లో జాన్ మెకార్తీ ఆరంభించిన లిస్ప్ అను భాషలో, వాడి విడిచిన జ్ఞాపకస్థలమును యంత్రమే ఏరి తిరిగి వాడుకొను ఏర్పాటు ఉండెను. అది చాలకాలము కొద్దిమందికే తెలిసియుండి, 1995లో జావా రాగా సామాన్యుల వాడుకలోనికి వచ్చెను. పేరు లేని గురువుల విద్యయే పేరున్న శిష్యులలో వెలుగుచున్నది. కావున మరుగుపడిన భాషను చులకన చేయువాడు తాతను మరచిన మనుమనివంటివాడు.

పేరు లేకపోవుట పని లేకపోవుటయు కాదు. బోయింగు 777 విమానము 1995లో ప్రయాణికులకు అందుబాటులోనికి వచ్చినప్పుడు, అందలి ప్రోగ్రాములలో అధికభాగము ఏడా భాషలో వ్రాయబడియుండెను. ప్రాణములతో కూడిన పనికి ఆ భాషయందలి కట్టుదిట్టము అక్కరకు వచ్చెను. కోబాల్ కథ ఇంకను విచిత్రము. 2020 ఏప్రిల్‌లో కరోనా వ్యాధి ప్రబలి, అమెరికాలో లక్షలమంది పని కోల్పోయిరి. న్యూజెర్సీ రాష్ట్రమున నిరుద్యోగులకు భృతి యిచ్చు పాత కంప్యూటర్లు ఆ భారమునకు తట్టుకొనలేకపోయెను. కోబాల్ తెలిసినవారు ముందుకు వచ్చి సాయపడవలెనని ఆ రాష్ట్ర గవర్నరు బహిరంగముగా కోరెను. పాతదని లోకము నవ్విన భాష, లక్షలమంది అన్నపు గిన్నెకు ఆధారమై యుండెను.

ఇంకొక మాటను మరువరాదు. పేరొందిన భాషలను తిరస్కరించుట గొప్పతనమని నేను చెప్పను. పేదయింటి బిడ్డకు పని త్వరగా దొరకవలెను. పదిమంది వాడు భాషకు పుస్తకములుండును, సందేహము కలిగిన చెప్పువారుందురు, జీతమిచ్చువారుందురు. ఇవి చిన్నలాభములు కావు. గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకొనవలెను. కాని గాలి యెల్లకాలము ఒకే దిక్కునుండి వీచదు. గాలిని మాత్రమే నమ్ముకొని, కళ్లములో ధాన్యము లేనివాడు తూర్పారబట్టునదేమి?

ఆ ధాన్యమేమో నాకు తెలిపినవాడు నేను తప్పుదారి చూపిన ఆ విద్యార్థియే. వాడు కొన్నేండ్లకు మరల చదువు సాగించి, హైదరాబాదులో ఉద్యోగము సంపాదించి, ఒక పండుగనాడు నన్ను చూడవచ్చెను. నేను మనసు విప్పి, "ఆనాడు నీకు సరిగా చెప్పలేదు నాయనా" అంటిని. వాడు నవ్వి ఇట్లనెను: "లేదు మాస్టారూ, కోబాల్ తప్పు కాదు. నేను అప్పుడు భాష బట్టీపట్టాను గాని లెక్క నేర్చుకోలేదు. ఇప్పుడైతే ముందు కాగితం మీద పనిని ముక్కలు చేసుకుంటాను. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ తప్పు జరగవచ్చు అని చూసుకుంటాను. ఆ తర్వాత ఏ భాషలో రాయమన్నా నెలరోజుల పని." నేను వానికి గురువునని అంతవరకు తలంచితిని. ఆ దినమున వాడు నాకు గురువయ్యెను.

కావున ఆ రైతుగారికి నేను ఇట్లు చెప్పితిని: "పైథాన్ నేర్పించండి, తప్పు లేదు. కానీ అందరూ అంటున్నారని నేర్పించకండి. అది ఏ పనికి మంచిదో, ఏ పనికి కాదో అమ్మాయినే అడగమనండి. ఒక భాష వచ్చాక, దానికి పోలిక లేని ఇంకో భాషను కొంచెమైనా చూడమనండి. అప్పుడు భాషకూ ఆలోచనకూ ఉన్న తేడా తనకే తెలుస్తుంది." ఆ బాలిక అంతవరకు మౌనముగా నుండి, "అయితే తాతగారూ, ఇప్పుడు పేరు లేని భాషల్లో రేపు పేరొచ్చేది ఏదో ఎలా తెలుస్తుంది?" అని అడిగెను.

ముందుగా ఎవరికిని తెలియదని చెప్పితిని. 1991లో పైథాన్‌ను చూచినవారికి నేటి దాని వైభవము తెలియదు. 1998లో నాకును తెలియలేదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పి ఒకరి పొలము తాకట్టుపెట్టించుటకంటె, తెలియదని చెప్పి ఆలోచించుట నేర్పుటయే ఉపాధ్యాయునకు ధర్మము. విద్యార్థులారా! లోకము మెచ్చినదానిని నేర్చుకొనుడు. కాని ఏల మెచ్చినదో అడుగక విడువకుడు. ఆ ప్రశ్న వేయనేర్చినవాడు, భాష మారినను, గాలి మారినను, దారితప్పడు.